రెండోసారి తాళం తిప్పకండి

క్యామ్‌షాఫ్ట్ మీరే మార్చుకున్నారా? బండి స్టార్టు కాలేదా, లేక స్టార్టయి గజగజ వణుకుతోందా? అయితే తాళం ముట్టుకోకండి. ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి రండి. తర్వాత చదవండి.

ఇప్పటిదాకా జరిగిన పొరపాటు చిన్నదే అయి ఉండొచ్చు. టైమింగ్ చైన్ ఒక్క పన్ను అటో ఇటో పడి ఉంటుంది, ఏదో కనెక్టరు సరిగ్గా కూర్చుని ఉండదు, టెన్షనర్ పిన్ను లాగడం మరిచిపోయి ఉంటారు. ఇక్కడ ఆగితే ఒక పూట పనితో సరిపోతుంది. "ఇంకొక్కసారి చూద్దాం" అని సెల్ఫ్ కొడితే మాత్రం అది హెడ్ దించే పని అవుతుంది.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మా అపార్టుమెంటు సెల్లార్‌లో నా కళ్ల ముందే ఇది జరిగింది. కింది ఫ్లోరు కుర్రాడు, తెలివైనవాడు, పొద్దున్నుంచీ తన కారు దగ్గరే ఉన్నాడు. 16 వాల్వుల పెట్రోలు ఇంజన్. పని నిర్లక్ష్యంగా చేశాడని అనలేను. విప్పిన బోల్టులన్నీ అట్టముక్కకు వరుసగా గుచ్చి పెట్టుకున్నాడు, ప్రతి దశలోనూ ఫొటో తీసుకున్నాడు, కొత్త ప్యాకింగ్ వేశాడు. చైన్ ఎక్కించాక ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడటం ఒక్కటే మరిచాడు. తాళం తిప్పాడు. సెల్ఫ్ ఒకటిన్నర చుట్టు తిరిగి టక్కున ఆగింది.

"బ్యాటరీ వీకైనట్టుంది అంకుల్, జంపర్ కేబుల్ ఉందా?" అన్నాడు.

నేను వద్దనేలోపే మళ్లీ తిప్పేశాడు. ఈసారి ఆగలేదు. సెల్ఫ్ గిర్రున, ఏ బరువూ లేనట్టు తిరిగింది. కంప్రెషన్ పోయిన ఇంజన్ అలా తేలిగ్గా తిరిగే చప్పుడు ఒకసారి విన్నవాళ్లకు మళ్లీ ఎక్కడ విన్నా తెలిసిపోతుంది.

పది రోజుల తర్వాత షెడ్డులో హెడ్ దించినప్పుడు వెళ్లి చూశాను. పిస్టన్ల తలల మీద నల్లటి కార్బన్ పొర. దాని మీద గోటితో నొక్కినట్టు చిన్న చిన్న నెలవంక గుర్తులు, వెండిలా తళతళలాడుతూ. వాల్వుల్ని బల్ల మీద పరిస్తే అన్నీ తిన్నగానే ఉన్నట్టు అనిపించాయి. మెకానిక్ ఒకదాన్ని డ్రిల్లు మెషీన్‌కు పట్టించి మెల్లగా తిప్పాడు. దాని తల తాగినవాడి నడకలా ఊగింది. మొత్తం ఆరు వాల్వులు వంగాయి. మొదటి టక్కు దగ్గర ఆగి ఉంటే ఒకటో రెండో పోయేవని, బహుశా ఒక్కటీ పోయేది కాదని ఆయన అన్నాడు. కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. ఆ మొహం చూసిన రోజే దీని గురించి రాయాలనుకున్నాను.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులో ప్రతి వాల్వూ తన వంతు ప్రకారం తెరుచుకుని మూసుకోవాలి. ఇప్పటి కార్లలో చాలా ఇంజన్లలో, డీజిల్ ఇంజన్లలోనైతే దాదాపు అన్నిటిలో, వాల్వు కిందికి దిగే చోటుకే పిస్టన్ కూడా పైకొస్తుంది. చోటు ఒకటే, వచ్చే వేళలు వేరు. ఆ వేళల్ని కాపాడేది చైనో బెల్టో మాత్రమే. క్యామ్ పళ్లచక్రానికి 40 పళ్లున్నాయనుకోండి. ఒక్క పన్ను తేడా పడితే క్యామ్ దగ్గర 9 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 18 డిగ్రీలు తప్పినట్టు. ఒక పన్నుకు చాలా ఇంజన్లు బతికిపోతాయి, పికప్ లేక ఏడుస్తాయి. రెండు మూడు పళ్లయితే పిస్టన్ వచ్చి వాల్వును గుద్దుతుంది.

సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను నిమిషానికి సుమారు 200 చుట్లు తిప్పుతుంది. అంటే సెకనుకు మూడు చుట్లకు పైనే. అన్ని పిస్టన్లూ అన్ని వాల్వుల కిందుగా ఒకసారి వచ్చి వెళ్లడానికి రెండు చుట్లు చాలు. మీ చెవికి చప్పుడు చేరి, చెయ్యి తాళం వదిలేసరికి పని అయిపోయి ఉంటుంది. పానా పట్టుకున్న చేతికి అడ్డు తగిలితే తెలుస్తుంది, సెల్ఫ్ మోటారుకు తెలియదు.

అందుకే చేత్తో తిప్పి చూడాలి. క్యామ్ మార్చిన తర్వాత ఈ పనిని దాటవేసే హక్కు ఎవరికీ లేదు, ముప్పయ్యేళ్ల అనుభవమున్న మెకానిక్‌కైనా సరే. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టి ఉండాలి. స్పార్కు ప్లగ్గులన్నీ తీసేయండి, అప్పుడు కంప్రెషన్ బరువు ఉండదు, ఏ చిన్న అడ్డు తగిలినా మణికట్టుకు తెలుస్తుంది. క్రాంక్ పుల్లీ మధ్య బోల్టుకు సాకెట్ పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పండి. చాలా కార్లలో పుల్లీ వైపు నుంచి చూస్తే అది గడియారం ముల్లు దిశ. కొన్ని పాత హోండా ఇంజన్లు దీనికి ఎదురు తిరుగుతాయి, కాబట్టి మాన్యువల్ చూసుకోండి. క్యామ్ బోల్టు పట్టుకుని ఇంజన్‌ను తిప్పకండి. పూర్తిగా రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగిందా, అక్కడే ఆపండి. పైపు తగిలించి లాగకండి. అవతల ఉన్నది వాల్వు కావచ్చు.

రెండు చుట్లు తిరిగాక చక్రాల మీది గుర్తులు మళ్లీ కలవాలి. ఇక్కడ చాలామంది ఒక విషయానికి కంగారుపడతారు. చైన్‌కు ఉండే రంగు లింకులు రెండు చుట్ల తర్వాత గుర్తుల దగ్గరికి రావు, అవి మళ్లీ కలవాలంటే చాలా చుట్లు కావాలి. రంగు లింకు చైన్ ఎక్కించేటప్పుడు చూసుకోవడానికే. తర్వాత చూడాల్సింది చక్రాల మీది గుర్తుల్నే. ఇది తెలియక, సరిగ్గా కూర్చున్న చైన్‌ను విప్పి తప్పుగా ఎక్కించినవాళ్లు ఉన్నారు.

హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజన్ అయితే ఇంకో జాగ్రత్త. కొత్తగా కూర్చోబెట్టిన లిఫ్టరు నిండా ఆయిల్ ఉంటే వాల్వును ఉండాల్సిన దానికంటే కిందికి నొక్కి పెడుతుంది. అందుకే కొన్ని కంపెనీల మాన్యువళ్లు క్యామ్ బిగించాక అరగంట ఆగి ఆ తర్వాతే ఇంజన్ తిప్పమంటాయి. ఆ అరగంట ఆగండి, టీ తాగి రండి.

ఇప్పుడు మీ బండి ఏ స్థితిలో ఉందో చూద్దాం.

సెల్ఫ్ టక్కున ఆగితే ఏదో అడ్డు తగిలినట్టే. పిస్టనూ వాల్వూ గుద్దుకుని ఉండొచ్చు, పడిపోయిన బోల్టు చైన్ కింద ఇరుక్కుని ఉండొచ్చు, క్యామ్ క్యాపులు తారుమారై క్యామే పట్టేసి ఉండొచ్చు. ఆ క్యాపుల గురించి ఒక మాట చెప్పాలి. హెడ్‌ను, క్యాపుల్ని కలిపి బిగించి ఒకేసారి బోరు కొడతారు. అందుకే ఒక చోటి క్యాపు ఇంకో చోట కుదరదు, తిరగేసి పెట్టినా కుదరదు. వాటి మీద అంకె, బాణం గుర్తు ఉంటాయి. బిగింపు కూడా మధ్య నుంచి చివరలకు, కొంచెం కొంచెంగా, మాన్యువల్లో చెప్పిన వరుసలోనే. చాలా ఇంజన్లలో ఆ చిన్న బోల్టులకు 10, 12 న్యూటన్ మీటర్ల బిగింపే చాలు. పొడవాటి హ్యాండిల్‌తో బలం చూపిస్తే అల్యూమినియం మరలు ఊడి చేతికొస్తాయి. టార్క్ రెంచి లేకపోతే అద్దెకు తెచ్చుకోండి, అదీ కుదరకపోతే ఈ పని మొదలే పెట్టకండి.

సెల్ఫ్ తేలిగ్గా గిర్రున తిరిగితే కంప్రెషన్ లేదని అర్థం. ఇక కొట్టకండి. గేజితో కొలవాలన్నా సెల్ఫ్ కొట్టాలి కాబట్టి, చేత్తో తిప్పే పరీక్ష నెగ్గితేనే గేజి పెట్టాలి. అంతకంటే క్షేమమైనది గాలి పరీక్ష. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్‌ను వాల్వులన్నీ మూసి ఉండే పైచోటుకు తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి వదిలి వినాలి. గాలి నెట్టితే క్రాంక్ ఒక్కసారిగా తిరగవచ్చు, కాబట్టి పుల్లీ మీద పానా వదిలేసి ఉంచొద్దు. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ ప్యాకింగ్. అసలు సెల్ఫ్ కొట్టకుండానే జబ్బు ఎక్కడుందో చెప్పే పరీక్ష ఇది. చాలా షెడ్లలో దీన్ని చేయరు, అడిగి చేయించుకోండి.

చేత్తో తిప్పితే బాగానే తిరిగి, గుర్తులు కలిసి, గేజి పెట్టే దాకా వచ్చారనుకుందాం. పెట్రోలు పంపు ఫ్యూజు తీయండి, కాయిల్ కనెక్టర్లు తీయండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి చిమ్మే పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ తగిలితే బానెట్ కిందే అంటుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి కొలవాలి. చాలా పెట్రోలు ఇంజన్లలో చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 14 కిలోల మధ్య రావాలి, మీ ఇంజన్ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. నాలుగు సిలిండర్లూ సమానంగా తక్కువ చూపిస్తే టైమింగ్ తప్పింది. ఒకటో రెండో మాత్రమే పడిపోతే ఆ సిలిండర్ వాల్వు వంగింది, లేదా అక్కడ టాపెట్ గ్యాపు లేకుండా బిగిసింది. టాపెట్ బిగుతుగా ఉన్న వాల్వు పూర్తిగా మూసుకోదు. పని చేస్తున్నట్టే ఉంటుంది, కొన్నాళ్లకు కాలిపోతుంది. డీజిల్ ఇంజన్‌కు పెట్రోలు గేజి వాడకండి, అక్కడి ఒత్తిడి అది తట్టుకోలేనంత ఎక్కువ.

స్టార్టయింది గానీ మిస్సింగ్ వస్తోంది, చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్‌లో పి0016 అని వస్తే క్యామ్, క్రాంక్ ఒకదానితో ఒకటి కుదరడం లేదని కంప్యూటర్ చెబుతోంది. ఆ కోడు చెరిపేసి రోడ్డెక్కకండి. పి0340 వస్తే క్యామ్ సెన్సర్ వైపు చూడాలి, కానీ సెన్సర్ కొనేముందు కొత్త క్యామ్‌నే అనుమానించండి. ఒకే ఇంజన్‌లో రకాలుంటాయి. సెన్సర్ చదివే పళ్ల ఆకారం ఒక రకానికీ ఇంకో రకానికీ తేడా ఉండొచ్చు. పాత క్యామ్, కొత్త క్యామ్ పక్కపక్కన పెట్టి పొడవు, గాడి, ఆయిల్ రంధ్రాలు, సెన్సర్ పళ్లు పోల్చి చూడటం బిగించకముందే చేయాల్సిన పని. అప్పుడు చేయకపోతే ఇప్పుడు ఫొటోల్లోనైనా చూడండి. చెక్ ఇంజన్ లైటు ఆరి వెలుగుతూ ఉంటే వెంటనే ఇంజన్ కట్టేయండి. కాలని పెట్రోలు సైలెన్సర్‌కు ముందున్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఎండుగడ్డి మీద ఆపిన బండి కింద అది నిప్పుతో సమానం.

ఆయిల్ ప్రెషర్ లైటు పది సెకన్లలో ఆరకపోతే ఇంకేమీ ఆలోచించకుండా కట్టేయండి. మొదటి నిమిషాల్లో టాపెట్ల టిక్కు టిక్కు ఉండొచ్చు, ఆయిల్ నిండాక తగ్గుతుంది. చైన్ వైపు నుంచి గొలుసు ఈడ్చినట్టు గలగల తగ్గకుండా వస్తే టెన్షనర్ పని చేయడం లేదు.

ఈ మొత్తంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది మన ఊళ్లలో ఉన్న ఒక అలవాటు. బండి స్టార్టు కాకపోతే నలుగురు వచ్చి తోస్తారు. సాయం చేయాలనే వస్తారు. రెండో గేరులో పెట్టి క్లచ్ వదిలితే, సెల్ఫ్ మోటారుకున్న పాటి మెతకదనం కూడా లేకుండా వెయ్యి కిలోల బండి బరువంతా ఇంజన్‌ను బలవంతంగా తిప్పుతుంది. టైమింగ్ తప్పిన ఇంజన్‌లో ఒక్క వాల్వూ మిగలకపోవచ్చు. గేరులో ఉన్న బండిని వెనక్కి తోసినా ప్రమాదమే. క్రాంక్ ఎదురు తిరిగితే చైన్ వదులు వైపు మారి పన్ను దాటవచ్చు. సెల్లార్‌లో వేరే కారుకు దారి ఇవ్వడానికి తోయాల్సి వచ్చినా ముందు న్యూట్రల్ చేయండి.

ఇప్పటిదాకా చెప్పింది ఇంజన్ సంగతి. ఇక మనుషుల సంగతి.

అంబాసిడర్ల రోజుల్లో, ట్రాక్టర్ల దగ్గర ఇప్పటికీ, డీజిల్ ఇంజన్ స్టార్టు కాకపోతే ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి గాలి తీయడం మామూలు. పెద్దవాళ్లు ఇప్పటికీ అదే సలహా ఇస్తారు. కామన్ రైల్ డీజిల్ కారు దగ్గర దయచేసి ఆ పని చేయకండి, ఎవరు చేయబోయినా ఆపండి. కారు టైరులో ఉండేది సుమారు 2 బార్ల ఒత్తిడి. కామన్ రైల్ పైపులో వెయ్యి బార్లు దాటుతుంది. అక్కడ సూది మొనంత సందులోంచి చిమ్మిన డీజిల్ కంటికి కూడా సరిగ్గా కనిపించదు, చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. మొదట చీమ కుట్టినట్టు చిన్న చుక్క మాత్రమే కనిపిస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. గంటల్లో వేలు వాచి నల్లబడుతుంది, ఆపరేషన్ ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే కట్టు కట్టుకుని కూర్చోవద్దు. నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి "ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయింది" అని ఆ మాటల్లోనే చెప్పండి. మామూలు గాయం అనుకుని టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పంపేసే ప్రమాదం ఉంది.

మిస్సింగ్‌తో ఆడుతున్న ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉండొచ్చు. దానికి వాసన లేదు, రంగు లేదు. షట్టరు వేసిన గ్యారేజీలోనో, గాలి ఆడని సెల్లార్ మూలనో "చప్పుడు ఎక్కడినుంచి వస్తోందా" అని బానెట్ మీదికి వంగి పది నిమిషాలు వినేవాళ్లకు మొదట తలనొప్పి వస్తుంది, తర్వాత వికారం, ఆ తర్వాత నిద్రమత్తు. తలనొప్పి దగ్గరే బయటికి వచ్చేయండి. పక్కన ఎవరైనా కూలబడితే బయటి గాలిలోకి లాగి 108కి ఫోన్ చేయండి. పిల్లల్ని అసలు ఆ దరిదాపులకు రానీయవద్దు. రేడియేటర్ ఫ్యాను తాళం తీసేశాక కూడా తనంత తాను తిరగవచ్చు. చున్నీ, లుంగీ, వదులు చొక్కా చేతులు వద్దు.

బ్రేకు సంగతి చాలామందికి తెలియదు. చాలా డీజిల్ కార్లలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపును తిప్పేది క్యామ్‌షాఫ్టే. క్యామ్ తీసినప్పుడు ఆ పంపు కూడా కదులుతుంది. దాని నాలుక గాడిలో సరిగ్గా కూర్చోకపోయినా, పైపు ఎక్కడో ఊడి ఉన్నా, ఇంజన్ చక్కగా ఆడుతుంది, బ్రేకు పెడల్ మాత్రం రాయిలా గట్టిపడుతుంది. ఆ సంగతి లారీ వెనక తెలియకూడదు. బండి కదిలించకముందే, ఇంజన్ ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడనివ్వండి. తర్వాత కాలు దాని మీదే ఉంచి స్టార్టు చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బండి అక్కడి నుంచి కదలకూడదు. అన్నీ బాగున్నాయనిపించినా మొదటి రోజు హైవే ఎక్కకండి. నడుస్తూ ఇంజన్ ఆగిపోతే స్టీరింగూ, బ్రేకూ రెండూ బరువెక్కుతాయి.

వీడియోలు చేసే మిత్రులకు ఒక విజ్ఞప్తి. క్యామ్ మార్చడం చూపించే వీడియోల్లో, నేను చూసినంతలో, చైన్ ఎక్కించడం చూపించి కోసేస్తారు, మరుక్షణం ఇంజన్ చక్కగా ఆడుతూ కనిపిస్తుంది. మధ్యలో పానా పట్టుకుని రెండు చుట్లు తిప్పిన ఆ రెండు నిమిషాలు ఎడిటింగ్‌లో పోతాయి. ఆ రెండు నిమిషాలు ఉంచండి. క్యామ్ అమ్మే షాపులవాళ్లు కూడా "టైమింగ్ లాకింగ్ పిన్నులు ఉన్నాయా?" అని ఒక్క మాట అడిగి అమ్మాలి. ఆ పిన్నులు క్యామ్, క్రాంక్ కదలకుండా నిలపడానికే. క్యామ్ బోల్టు బిగించేటప్పుడు బలమంతా వాటి మీద వేస్తే అవీ విరుగుతాయి, క్యామ్ గాడీ పగులుతుంది.

పాత క్యామ్ ఎందుకు అరిగిందో కనుక్కున్నారా? ఆయిల్ అందక అరిగి ఉంటే, ఆయిల్ చాంబర్ జల్లెడలో మడ్డి పేరుకుని ఉంటే, కొత్త క్యామ్ కూడా అదే దారిన పోతుంది. సీలెంటు పేస్టు ఎక్కువ పూసి ఉంటే దాని ముక్కలు కూడా ఆ జల్లెడకే చేరతాయి. స్టార్టు కాని బండికి పదేపదే సెల్ఫ్ కొట్టి ఉంటే పెట్రోలు ఆయిల్‌లో కలిసి ఉంటుంది. డిప్ స్టిక్ తీసి వాసన చూడండి, మట్టం పెరిగిందేమో చూడండి. పెరిగి ఉంటే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాకే ముందుకు వెళ్లాలి.

ఇవన్నీ చూసుకున్నా ధైర్యం చాలకపోతే, చేత్తో తిప్పినప్పుడు ఏదైనా తగిలితే, రికవరీ వ్యాను పిలిపించి చక్రాలు ఎత్తించి షెడ్డుకు పంపండి. తాడు కట్టి లాక్కెళ్లకండి. మెకానిక్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి: క్యామ్ నేనే మార్చాను, ఇన్నిసార్లు సెల్ఫ్ కొట్టాను, ఇలాంటి చప్పుడు వచ్చింది. మొహమాటపడి "ఊరికే స్టార్టు కావడం లేదన్నా" అంటే ఏ మెకానిక్ అయినా చేసే మొదటి పని తాళం తిప్పి చూడటమే.

మీరు చెప్పేలోపే ఇంట్లోవాళ్లో, వాచ్‌మనో, వ్యాను డ్రైవరో ఆ పని చేయకుండా, ఇప్పుడే ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో "టైమింగ్ చూడలేదు, సెల్ఫ్ కొట్టవద్దు" అని రాసి స్టీరింగ్‌కు అంటించండి. తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి.